బీమా కొనని ఆ ‘కుటుంబం’ ఎవరు?

అనంతపురం, మహబూబ్‌నగర్ పల్లెల్లో వర్షపాత బీమాను ఎవరు కొన్నారు, ఎవరు వద్దనుకున్నారు? జేవియర్ జినే, రాబర్ట్ టౌన్సెండ్, జేమ్స్ విక్రీ 2008లో ప్రచురించిన వ్యాసం ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఐసీఐసీఐ లాంబార్డ్ పాలసీని ఊళ్లలో బేసిక్స్ సంస్థ అమ్మింది. పొలంలో పంట పోయిందా అన్నది కాదు, వాన కొలిచే కేంద్రంలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందన్నదే పరిహారానికి లెక్క.

సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక దీన్నీ ఒక కథనంలాగే చదివాను. కథానాయకుడి పేరు ‘కుటుంబం’. అది భయపడుతుంది, నమ్ముతుంది, కొంటుంది, కొనదు. నాణెం ఎగరేసే పందాల్లో ఏది ఎంచుకుందో చూసి దాని తెగువను కొలిచారు. సిద్ధాంతం ప్రకారం నష్టానికి ఎక్కువ భయపడేవాళ్లే బీమా కొనాలి. ఇక్కడ తిరగబడింది. భయపడేవాళ్లే, అందులోనూ బేసిక్స్‌తో పరిచయం లేనివాళ్లు, తక్కువ కొన్నారు. తెలియని బీమా కూడా వాళ్లకు ఇంకో జూదమే అయ్యుంటుందన్నది రచయితల వివరణ. రైతుకు తెలివి లేదని తేల్చేయకపోవడం నాకు నచ్చింది.

కానీ ఆ కుటుంబంలో భయపడింది ఎవరు? 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చిన మా కొత్తచెరువు వైపు, శెనక్కాయ ఒలిచి విత్తనం ఏరేది ఆడవాళ్లే. విత్తనానికి డబ్బు చాలకపోతే కుదువకు పోయేది వాళ్ల ఒంటిమీది బంగారమే. “వానొస్తే ఇంటికొస్తాయి, లేకుంటే వేలానికి పోతాయి” అంటుంది మా చిన్నత్త తన కమ్మల గురించి, నవ్వుతూనే. ఆమె నాణెం ఏటా జూన్‌లో ఎగురుతూనే ఉంది. ఎగరేసే చెయ్యి మాత్రం ఆమెది కాదు.

షాన్ కోల్ మొదలైనవారితో కలిసి వీళ్లే 2013లో రాసిన వ్యాసం ఇంకొంచెం దగ్గరికొచ్చింది. తెలిసిన మనిషి పరిచయం చేస్తే, చేతిలో వంద రూపాయలు పెడితే, కొనేవాళ్లు పెరిగారు. విత్తే వేళ ఇంట్లో రూపాయి ఉండదని తెలుసుకోడానికి ప్రయోగం కావాలా అని ఎగతాళి చేసే మిత్రులున్నారు. కావాలి. ‘వీళ్లకు బీమా విలువ తెలీదు’ అనేవాళ్లకు అంకెలతోనే జవాబు చెప్పాలి మరి.

అదే వ్యాసంలోని గుజరాత్ భాగంలో పాలసీ అమ్మింది ‘సేవా’. దాని సభ్యులు స్త్రీలు. అంటే స్త్రీలు కొనే చోటూ, ‘కుటుంబం’ కొనే చోటూ ఒకే వ్యాసంలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ రెంటినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం మాత్రం వ్యాసానికి ప్రశ్న కాలేదు. పాలసీ ఎవరి పేర రాశారు? పరిహారం వస్తే ముందు అప్పు తీర్చారా, కమ్మలు విడిపించారా? నేనైతే ప్రశ్నావళిని అక్కణ్ణుంచే మొదలుపెడతాను.