స్మర్ఫ్‌ల ఊళ్లో ఒకే ఒక్క అమ్మాయి

పిల్లల సినిమాల్లో అడవి సాధారణంగా అమాయకంగా కనిపిస్తుంది. పుట్టగొడుగు ఇళ్లలో కలిసిమెలిసి బతికే నీలిరంగు బుల్లి మనుషులు స్మర్ఫ్‌లు కూడా అంతే, ఎవరి జోలికీ పోరు. బహుశా అందుకే ఆ ఊళ్లో ఆడవాళ్లే లేరన్న సంగతి చాలామందికి లోటుగా తోచలేదు.

బెల్జియం బొమ్మల కథల రచయిత పేయో 1958లో ఈ పాత్రలను సృష్టించాడు. స్మర్ఫెట్ వచ్చింది 1966లో. ఆమెను చేసి పంపినవాడు వాళ్ల శత్రువు, మాంత్రికుడు గార్గమెల్. మగవాళ్ల మధ్య కలతలు రేపడమే అతని ఉద్దేశం. సుందోపసుందుల మధ్య చిచ్చు పెట్టడానికి బ్రహ్మ తిలోత్తమను చేయించిన కథ విన్న మనకు ఈ ఊహ కొత్తదేమీ కాదు. మొదట నల్లజుట్టుతో ఉన్న స్మర్ఫెట్‌ని అందరూ విసుక్కుంటారు. ఊరిపెద్ద పాపా స్మర్ఫ్ ఆమె రూపం మార్చి బంగారురంగు జుట్టు ఇచ్చాక అందరూ వెంటపడతారు. అంటే ఆమె చెడ్డతనమూ, మంచితనమూ రెండూ మగవాళ్లు పెట్టినవే.

మగపిల్లల గుంపులో ఒకే ఒక్క ఆడపిల్లని ఉంచే ఈ ధోరణికి అమెరికన్ రచయిత్రి కాథా పాలిట్ 1991లో ‘స్మర్ఫెట్ సూత్రం’ అని పేరు పెట్టింది. ఈ సూత్రం ప్రకారం అబ్బాయిలు తెలివైనవాళ్లో, మొద్దులో, బలశాలులో అవుతారు. అమ్మాయి మాత్రం అమ్మాయి అవుతుంది, అంతే.

2017లో కెల్లీ అస్బరీ తీసిన ‘స్మర్ఫ్స్: ది లాస్ట్ విలేజ్’ ఈ విమర్శకు జవాబు చెప్పే ప్రయత్నం. బ్రెయినీ, క్లమ్జీ, హెఫ్టీ... ప్రతి మగ స్మర్ఫ్‌కీ గుణాన్ని బట్టి పేరుంది. మరి ‘స్మర్ఫెట్’ అంటే ఏమిటి? ఫలానావారి అమ్మాయిగా, ఫలానావారి కోడలిగా మాత్రమే గుర్తింపు దొరికే మనకు ఈ ప్రశ్న బాగా తెలుసు. జవాబు వెతుకుతూ ఆమె నిషిద్ధ అరణ్యం దాటి, ఆడవాళ్లే ఉండే మరో ఊరు చేరుతుంది. తమ ఊరిని తామే కాపాడుకునే ఆ స్త్రీలను చూడటం నిజంగా సంతోషం.

అయితే అంతటితో సరిపెట్టుకోలేం. గార్గమెల్ మంత్రశక్తిని తనలోకి లాక్కుని, తిరిగి మట్టిముద్ద అయిపోయాక గానీ ఆమె మంచితనం రుజువు కాదు. పుట్టుకతో అంటగట్టిన నిందను ప్రాణం పెట్టి కడుక్కోవలసిన భారం ఆమె ఒక్కదానిదే. మగవాళ్లెవరికీ ఈ పరీక్ష లేదు. సీత అగ్నిప్రవేశాన్ని ప్రశ్నిస్తూ వచ్చిన మనం దీన్ని త్యాగమని మెచ్చుకుని ఊరుకోగలమా?

అదే ఏడాది ఇజ్రాయెల్‌లోని బ్నెయ్ బ్రాక్ పట్టణంలో, స్థానిక మతాచారపరులు నొచ్చుకుంటారని సినిమా పోస్టర్ల నుంచి స్మర్ఫెట్ బొమ్మనే తీసేశారు. ఒక్కతే అయితే చెరిపేయడం ఎంత తేలికో! పిల్లల కథల్లో అమ్మాయిలు ఎందరున్నారని లెక్కపెట్టడం చిన్న విషయమేమీ కాదు. ఆ లెక్క దగ్గర మొదలుపెట్టి, వాళ్లు ఏ షరతుల మీద అక్కడ ఉన్నారో కూడా మనం అడగాలి.