అంకె కొట్టే చేయి, హద్దు మోసే బాధ్యత

భూమి కొలతలో చివరి ఘట్టం నేల మీద కాక గదిలో, కంప్యూటర్ ముందు జరుగుతుంది. పొలం గట్టున గానీ కర్మాగారపు ప్రహరీ మూలన గానీ టోటల్ స్టేషన్‌తోనో, ఉపగ్రహ సంకేతాలను అందుకునే డీజీపీఎస్ రోవర్‌తోనో సర్వేయర్ సేకరించి తెచ్చిన బిందువుల అంకెలను డ్రాఫ్ట్స్‌మన్ ఆటోక్యాడ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, వరసగా రేఖలతో కలిపి హద్దుకు రూపం ఇస్తాడు. దీన్ని గుమాస్తా పనిగా భావించడం తేలిక. కానీ పూర్వం గొలుసు పట్టిన చేయి ఎంత బాధ్యత మోసిందో, నేడు అంకె కొట్టే చేయి అంతే బాధ్యత మోస్తుంది. ఆ చేతికి నేలతో పరిచయం లేకపోతే అంతకుముందు జరిగిన శ్రమంతా నమ్మదగనిదిగా మిగిలిపోతుంది.

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని చిట్కుల్ వంటి గ్రామంలో ఈ బాధ్యత మరింత బరువైనది. పారిశ్రామికవాడలు ఆనుకుని ఉన్న ఇటువంటి చోట ఒకే నేల పాత రికార్డులో ఎకరాలు గుంటలుగా, లేఅవుట్‌లో చదరపు గజాలుగా, షెడ్డు నిర్మాణ పటంలో చదరపు మీటర్లుగా కనిపిస్తుంది. నిజాం కాలపు సర్వేలో వాడిన గొలుసు పొడవు 33 అడుగులు, దానికి 16 అణాల విభజన. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల చదరమే గుంట, అంటే 121 చదరపు గజాలు. అటువంటి 40 గుంటలు ఒక ఎకరం. ఆనాటి కొలతలను గీతలతో భద్రపరచిన కాగితం టిప్పన్. సర్వే నంబరు వారీగా విస్తీర్ణాన్ని నమోదు చేసిన మూల రికార్డు సేత్వార్. ఈ రెండింటినీ చదవగలిగినప్పుడే తెర మీది పటాన్ని దేనితో సరిచూడాలో డ్రాఫ్ట్స్‌మన్‌కు తెలుస్తుంది.

సర్వేయర్ తెచ్చే ప్రతి బిందువుకూ ప్రధానంగా రెండు అంకెలు ఉంటాయి: తూర్పు దిశగా ఉన్న దూరాన్ని చెప్పేది ఈస్టింగ్, ఉత్తర దిశగా ఉన్న దూరాన్ని చెప్పేది నార్తింగ్. భూగోళాన్ని 6 డిగ్రీల రేఖాంశ వెడల్పు గల 60 జోన్లుగా విభజించే యూటీఎం పద్ధతిలో చిట్కుల్ 44వ జోన్‌లో, దాని పడమటి అంచుకు దగ్గరగా ఉంది. జోన్ల సరిహద్దయిన 78 డిగ్రీల తూర్పు రేఖాంశం సంగారెడ్డి జిల్లా గుండానే పోతున్నందున సదాశివపేట, జహీరాబాద్ పట్టణాలు 43వ జోన్‌లోకి వస్తాయి. ఆ సరిహద్దు మీద నిలిచిన ఒకే రాయికి ఒక జోన్‌లో ఈస్టింగ్ సుమారు 8 లక్షల 18 వేల మీటర్లు కాగా, రెండో జోన్‌లో సుమారు 1 లక్ష 82 వేల మీటర్లు. కాబట్టి జోన్ పేరు చెప్పని అంకె ఎంత సూక్ష్మంగా కొలిచినదైనా ఏ చోటునూ సూచించదు.

అంకెలను ఎక్కించే దశలోనూ పొరపాట్లకు తావు ఎక్కువ. సాఫ్ట్‌వేర్ మొదట ఈస్టింగ్‌ను, తరువాత నార్తింగ్‌ను అడుగుతుండగా, సర్వే పట్టికల్లో తరచుగా నార్తింగే ముందు ఉంటుంది. ఆటోక్యాడ్‌లో డైనమిక్ ఇన్‌పుట్ అనే సదుపాయం పనిచేస్తున్నప్పుడు రెండో బిందువు నుంచి ప్రతి అంకెనూ మూలస్థానం నుంచి కాక, ముందరి బిందువు నుంచి ఉన్న దూరంగా అది అర్థం చేసుకుంటుంది. ఎక్సెల్ పట్టిక నుంచి తయారుచేసిన స్క్రిప్ట్ ఫైలుతో బిందువులన్నింటినీ ఒకేసారి ఎక్కించేటప్పుడు ఆబ్జెక్ట్ స్నాప్‌ను ఆపకపోతే కొన్ని బిందువులు తమ చోటు వదిలి పక్క బిందువుకు అతుక్కుపోవచ్చు.

వీటన్నింటికంటే లోతైన ప్రమాదం మరొకటి ఉంది. దూరాలు, దిశలు కొలుచుకుంటూ హద్దు చుట్టూ తిరిగి వచ్చే పాత పద్ధతిలో ఎక్కడో తప్పు జరిగితే చివరి గీత మొదటి బిందువును చేరేది కాదు; ఆ ఎడమే తప్పును బయటపెట్టేది. నిరూపకాలతో గీసిన బొమ్మలో మాత్రం చివరి బిందువును మొదటిదానితో కలిపితే హద్దు ఎప్పుడూ మూసుకుంటుంది, అంకెల్లో తప్పున్నా మూసుకుంటుంది. పూర్వం పద్ధతే చేసిన పరీక్షను ఇప్పుడు మనిషి పూనుకుని చేయవలసి వస్తోంది.

ఆ పరీక్ష ఒకటి కాదు, ఒక్కో తప్పును ఒక్కోటి పట్టుకుంటుంది. తెర మీది భుజాల పొడవును నేల మీద టేపుతో కొలిచిన పొడవుతో పోల్చితే తప్పుగా కొట్టిన అంకె దొరుకుతుంది. విస్తీర్ణాన్ని సేత్వార్‌తో పోల్చితే, బిందువుల వరస తారుమారై గీతలు ఒకదాన్నొకటి దాటిన సంగతి తేలుతుంది. ఈస్టింగ్, నార్తింగ్ పరస్పరం మారిపోతే మాత్రం పొడవులూ విస్తీర్ణమూ చెక్కుచెదరవు, తూర్పున ఉండవలసిన బాట ఉత్తరానికి చేరుతుంది. ఆ తప్పును దస్తావేజులోని చతుర్హద్దులు పట్టిస్తాయి. జోన్ మారిన తప్పును ఇవేవీ చెప్పలేవు గనుక పటాన్ని ఉపగ్రహ చిత్రం మీదనో, గ్రామ నక్ష మీదనో పరచి చూడాలి.

టేపుతో పోల్చేటప్పుడు మరో విషయం ఎరిగి ఉండాలి. గుండ్రని భూమిని చదునైన తలం మీదికి తెచ్చే క్రమంలో యూటీఎం పద్ధతి జోన్ నడుమ దూరాలను కొంత తగ్గించి, అంచుల వద్ద కొంత పెంచుతుంది. 81 డిగ్రీల మధ్యరేఖకు దాదాపు 295 కిలోమీటర్లు పడమరగా ఉన్న చిట్కుల్ వద్ద, సముద్రమట్టం నుంచి ఎత్తును కూడా లెక్కలోకి తీసుకుంటే, నేల మీది కిలోమీటరు పటంలో సుమారు 60 సెంటీమీటర్లు ఎక్కువగా కనిపిస్తుంది. 100 మీటర్ల ప్రహరీకి ఇది 6 సెంటీమీటర్లు, ఎకరానికి దాదాపు 6 చదరపు గజాలు. ఈ తేడా సర్వేయర్ తప్పు కాదు. దాన్ని తెలియక విస్తీర్ణంగా రాసి ఇస్తే మాత్రం లేని నేల కాగితం మీద పుడుతుంది, గజాల లెక్కన అమ్ముడయ్యే చోట అదే తగాదాకు మూలమవుతుంది.

తెలంగాణలో 2025లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం భూమి పటాన్ని రిజిస్ట్రేషన్ పత్రానికి జతచేసే ఏర్పాటుకు వీలు కల్పించింది. అంటే డ్రాఫ్ట్స్‌మన్ గీసిన గీతకు ఇకపై దస్తావేజులోని వాక్యానికున్నంత విలువ రాబోతోంది. అందువల్ల ప్రతి పటం మూలన జోన్, కొలతకు ఆధారమైన భూనమూనా (డేటమ్), విస్తీర్ణం పటం మీదిదా నేల మీదిదా అన్న సంగతి, కొలిచిన తేదీ తప్పనిసరిగా రాయాలి. పటం గీసేవారిని ఒక్కసారైనా ఆ హద్దు వెంట నడిపించాలి. రైతుకైనా కార్మికుడికైనా జీవితకాలపు సంపాదన అంతా ఆ నాలుగు గీతల మధ్యనే ఉంటుంది కాబట్టి, ఆ గీతలు గీసే పనికి సమయమూ శిక్షణా తగిన వేతనమూ ఇవ్వడం భూమి హక్కును కాపాడటంలో భాగమే.