మార్లవాయిలో ఒక పరదేశి

పరభాషను నేర్చుట వేఱు, ఆ భాష నడుమ కాపురముండుట వేఱు. ఈ మాట వచ్చినపుడెల్ల బ్రౌను దొరను తలచుకొనుట మన వాడుక. ప్రాణహిత కావలి సీమలోనే మఱియొక నిదర్శనము కలదు.

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో జన్మించెను. 1931లో డాక్టరు పట్టమును పొంది, 1936లో నాగాకొండలకు వచ్చి కొన్యాకుల మధ్య నివసించెను. 1939లో మరల వచ్చుసరికి యుద్ధము వచ్చిపడెను. శత్రుదేశపు పాసుపోర్టు గలవాడగుటచే నిజాము రాజ్యమున నిలుపబడెను. ఆ నిర్బంధమే ఆయన పరిశోధనకు దారి చూపినది. చెంచులపై 1943లోను, కొండరెడ్లపై 1945లోను, ఆదిలాబాదు రాజగోండులపై 1948లోను గ్రంథములు వెలువడినవి. చివరిదానిని గూర్చియే నా విమర్శ.

ఆయనయు భార్య బెట్టీయు మార్లవాయి గూడెమున ఇల్లు కట్టుకొని యుండి గోండీ నేర్చిరి. (ఆమె 1987లోను, ఆయన 1995లోను మరణించిరి, ఆయన అస్థికలను 2012లో ఆమె సమాధి ప్రక్కకే చేర్చిరి.) గ్రంథమున ప్రధానులను గూర్చిన పుటలు మేలైనవి. వారి ఇంటిమాట మరాఠీ. గోండు యజమానుల యెదుట కీక్రి వాయించుచు గాథలు పాడునది గోండీలో. ఇంట తెలుగును, బడిలో మరాఠీయు పలుకు సిరోంచవారికి ఇది వింత గాదు. వింత గాదని మనము విడిచిన సంగతినే ఆయన శ్రద్ధతో వ్రాసిపెట్టెను. జింగనూరు దారిన మాడియా పలుకు గూడెములు మనకు పొరుగుననే యున్నవి. నాగపురమునకును, సముద్రములు దాటియు పోవు మన పట్టభద్రులలో ఆ పలుకు నేర్వగోరి అచ్చట ఒక్క వానకాలము గడపినవారెందరు?

లోపము లేకపోలేదు. ఆయన సమస్తమును గోండు వాకిట నుండియే చూచెను. బయటి నుండి వచ్చిన రైతు, సాహుకారు ఆయన రచనలలో ఎక్కువగా భూమి నాక్రమించువారుగనే కాన్పింతురు. వారికిని ఒక పలుకు, పండుగ, బీదఱికము గలవని తోపదు. వలస వచ్చి స్థిరపడిన కుటుంబములవారికి ఇది రుచింపదు. నాకును రుచింపలేదు. అయినను అబద్ధమని త్రోసిపుచ్చరాదు. 1940లో కొమురం భీము జోడేఘాట్ కడ తుపాకులకు బలియైన పిమ్మటనే ప్రభుత్వము గోండుల స్థితిని విచారింప ఈయనను నియోగించెను. భూమి పోయినవాని పక్షమున నిలుచుట తప్పు గాదు. రెండవవాని గోడు వినకపోవుట మాత్రము శాస్త్రమునకు వెలితి.

గ్రంథము కంటె 1943లో మార్లవాయిలో తెఱచిన గోండు ఉపాధ్యాయ శిక్షణకేంద్రమే గొప్పదని నా తలంపు. అందు గోండీ వాచకములను నాగరిలిపిలో అచ్చువేయించిరి. ఆనాటికది సబబే, ఆ ప్రాంతమున మరాఠీ వాడుక మెండు. కాని 1956లో ఆదిలాబాదు ఆంధ్రప్రదేశమున చేరెను, బడిలో తెలుగు వచ్చెను, నాగరితో అక్షరాభ్యాసమైన కుటుంబములవారు తెలుగు గుణింతము దిద్దవలసివచ్చెను. ఏటి కీవల మన పిల్లలకు జరిగినది దీనికి తలక్రిందులు: తాతలు తెలుగులో ఉత్తరములు వ్రాసికొన్న ఇండ్లలో మనుమలు తెలుగు పలుకుదురు, నాగరి వ్రాయుదురు.