అవుసుల కుంపటి

కొద్దిపాటి బంగారాన్ని ఇంటి దగ్గరే కరిగించి శుద్ధి చేయడం ఖమ్మం, పాల్వంచ, భద్రాచలం అడవి అంచు ఊళ్లలో అవుసులవారి (కంసాలుల) అరుగుల మీద సాగిన విద్య. కుంపటి, ఊదుగొట్టం, మూస, పటకారు, గీటురాయి, చిన్న త్రాసు ఉంటే చాలు. తెగిన గొలుసు తెచ్చినవారు ఎదురుగానే కూర్చుని, తమ బంగారం తమ కళ్లముందే కరగడం చూసేవారు.

ముందు నగలోని లక్కను కాల్చేస్తారు. ఆకురాయి పొడి అయితే అయస్కాంతంతో ఇనుప రజను ఏరేస్తారు. బంగారాన్ని మూసలో వేసి వెలిగారం చల్లుతారు. బంగారం కరగాలంటే 1064 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. బొగ్గుల మీద నోటి గాలితోనే అంత వేడి రప్పించే ఊపిరి అవుసులాయనది! మలినాలను వెలిగారం చిట్టెంగా పైకి తెస్తుంది. హీనలోహాలు ఇంకా ఉంటే చిటికెడు సురేకారం పడుతుంది. మసక పొర తొలగి ముద్ద ఒక్కసారిగా తళుక్కుమంటుంది. ఆ తళుకును కంటితో పట్టి, వెచ్చజేసి నూనె రాసిన అచ్చులో చుక్క జారకుండా పోయడమే పనితనం. అచ్చులో తడి ఉంటే బంగారం చిమ్ముతుంది. సుత్తె దెబ్బకు కడ్డీ అంచు పగిలితే సీసం మిగిలిందేమోనని అనుమానించి మళ్లీ కరిగిస్తారు.

వెండి మాత్రం వీటికి లొంగదు. దానికి పుటం పెట్టాలి. బంగారాన్ని పలుచని రేకులుగా కొట్టి, ఉప్పు, ఇటుక పొడి నడుమ పొరలుగా పేర్చి, మట్టిపాత్ర మూతికి మన్ను మెత్తి, లోహం కరగనంత వేడిలో గంటల తరబడి ఉంచుతారు. వెండి క్లోరైడుగా మారి ఇటుక పొడిలోకి ఇంకుతుంది, బంగారం మిగులుతుంది. నేటి తుర్కియేలోని సార్డిస్‌లో క్రీ.పూ. 6వ శతాబ్దంలోనే ఈ పద్ధతి ఉంది. ఇప్పుడు వాడే నైట్రిక్ ఆమ్లం పని త్వరగా ముగిస్తుంది కానీ దాని పొగ ఊపిరితిత్తులను కాలుస్తుంది. వంటింట్లో దాన్ని ముట్టుకోకూడదు.

17వ శతాబ్దంలో రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న చేయించాడని చెప్పే చింతాకు పతకం, కలికితురాయి భద్రాద్రి రాముడి సన్నిధి సొత్తు. చేయించిన రామదాసు పేరు ఊరూరా తెలుసు. చేసిన చేతుల్ని తలిచేవారు లేరు.

1963 జనవరిలో వచ్చిన బంగారం నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించి కొత్త నగ చేయకూడదన్నాయి. 22 క్యారెట్ల పని తప్ప ఎరుగని ఇళ్లలో కుంపట్లు ఆరాయి. ఆ నియంత్రణ కోసం 1968లో వచ్చిన చట్టాన్ని 1990లో రద్దు చేసేసరికి ఒక తరం చేయి తిరగడం మరచింది. కె.డి.ఎం. పేరుతో కాడ్మియం అతుకు కూడా వచ్చింది. కాడ్మియం 767 డిగ్రీలకే మరుగుతుంది, ఆ విషపు ఆవిరి పీల్చింది పనివాడే. ఇప్పుడు యంత్రం మీద చేసిన గొలుసుకు కూడా తరుగు కట్టించుకుంటున్నారు. పైపూత నగను వన్ గ్రామ్ గోల్డ్ అని పిలిచి అమ్మడం బంగారానికే అవమానం. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరైన హాల్‌మార్కు కొనేవారికి మేలే. అయితే ఆ ముద్ర నగ స్వచ్ఛతను చెబుతుంది గానీ అవుసులాయనకు పని ఇవ్వదు.

భద్రాచలంలో ఈ విద్య నేర్పే బడి ఒకటి పెట్టాలి. ఊళ్లో అవుసులాయన ఇంకా కుంపటి ఆర్పకుండా ఉంటే, పాత బంగారం ఉన్నవారు ముందు ఆయన అరుగెక్కాలి.