టెంటులో పడక

చలికాలం రాగానే లంబసింగికో అరకుకో వెళ్లి ఒక రాత్రి టెంటులో గడిపి రావాలనుకునేవాళ్లు సామాను సర్దే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. రగ్గులు, స్వెట్టర్లు, మంకీ క్యాపులు, అప్పటికీ ధైర్యం చాలకపోతే ఇంకో రగ్గు. అన్నీ ఒంటి మీదికే. ఒంటి కిందికి మాత్రం పల్చటి చాప, లేదంటే టెంటుతో పాటు అద్దెకు వచ్చే ఫోమ్ షీటు. ఈ లెక్క తలకిందులుగా ఉందని నా వాదన. చలి రాత్రి టెంటులో నిద్ర పట్టడం, పట్టకపోవడం చాలావరకు కింద పరిచినదాన్ని బట్టే ఉంటుంది. డబ్బయినా మోతబరువయినా ముందు దానికి కేటాయించి, మిగిలింది కప్పుకునేదానికి ఇవ్వాలి.

రగ్గులో గానీ స్లీపింగ్ బ్యాగులో గానీ వెచ్చదనమంతా దాని పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలిది. మనిషి దాని మీద పడుకోగానే అరవై డెబ్బై కిలోల బరువుకి ఆ గాలి బయటికి పోతుంది. బాతు నూగు నింపిన ఖరీదైన బ్యాగు కూడా నడుము కింద అణిగి పల్చటి గుడ్డతో సమానమైపోతుంది. ఇక మిగిలింది నేల. మట్టి, అందులోనూ తడి మట్టి, గాలి కంటే ఎన్నో రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. తెల్లవార్లూ లాగినా దానికి తృప్తి ఉండదు. పైన మూడు రగ్గులున్నా తెల్లవారుజామున భుజాలూ తుంటీ బిగుసుకుపోవడం ఇందుకే. స్లీపింగ్ బ్యాగుల మీద అచ్చువేసే ఉష్ణోగ్రత అంకె కూడా ఈ మాటే చెబుతుంది. ఐఎస్ఓ 23537 ప్రమాణం ప్రకారం వేడి పుట్టించే మనిషి బొమ్మకి బట్టలు తొడిగి, బ్యాగులో పడుకోబెట్టి, బ్యాగు కింద మ్యాట్ వేసి మరీ కొలుస్తారు. అంటే బ్యాగు మీద 5 డిగ్రీలని రాసి ఉంటే అందులో మ్యాట్ వాటా అప్పటికే కలిసి ఉంది. మ్యాట్ మానేసి, బ్యాగు పనిచేయలేదని తిట్టుకోవడంలో న్యాయం లేదు. అమ్మేవాళ్లు ఈ ముక్క చెబితే బాగుండేది, కానీ చెబితే రెండు వస్తువుల ధర ఒకేసారి వినాల్సి వస్తుంది కదా!

మ్యాట్ కొనేటప్పుడు కంటికి ఆనేది మందం. అదే మోసం చేస్తుంది. చెరువులో తేలడానికి వాడే రకం గాలి పరుపు ఎనిమిది, పది సెంటీమీటర్ల ఎత్తున ఉబ్బి సుఖంగా కనిపిస్తుంది. కానీ దాని లోపలి గాలికి అడ్డుగోడలు ఉండవు. ఒంటికి తగిలి వేడెక్కిన గాలి, నేలకి తగిలి చల్లబడిన గాలి లోపలే తిరుగుతూ వేడిని కిందికి మోసేస్తాయి. వేడిని ఆపే శక్తిని ఆర్ వాల్యూ అనే అంకెతో కొలుస్తారు. ఇలాంటి బోలు పరుపుకి అది ఒకటికి అటూ ఇటూ. అదే రెండు సెంటీమీటర్లకు మించని, మడత పెట్టే మంచి ఫోమ్ మ్యాట్‌కి సుమారు రెండు. ఒకప్పుడు ఈ అంకెను ఏ కంపెనీకి ఆ కంపెనీ తన పద్ధతిలో కొలుచుకునేది. 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ఉమ్మడి ప్రమాణం వచ్చాక, దాని ప్రకారం కొలిచిన రెండు కంపెనీల మ్యాట్లను పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. మన కొండల చలికి రెండు, మూడు మధ్య చాలు. కేదార్‌కంఠ లాంటి చోట మంచు మీద టెంటు వేయాలంటే ఐదు దాటాలి. ఇందులో ఇంకో వెసులుబాటు ఉంది. ఒక మ్యాట్ మీద మరొకటి పరిస్తే రెండింటి అంకెలూ కలుస్తాయి. కాబట్టి అద్దె ఫోమ్ షీటును పారేయనక్కర్లేదు, దాని మీద మనది వేసుకోవచ్చు.

మన పెద్దవాళ్లు ఇవేవీ లేకుండా నేల మీదే పడుకున్నారు కదా అనే మాట తప్పకుండా వస్తుంది. నిజంగా చూస్తే వాళ్లు ఉత్త నేల మీద పడుకున్నది తక్కువ. కళ్లం దగ్గర కాపలా ఉన్నవాళ్లు వరిగడ్డి మందంగా పరిచి, దాని మీద బొంత వేసుకునేవారు. చేలో మంచె కట్టిన రైతు అసలు నేలనే తప్పించుకున్నాడు. గొర్రెల వెంట ఊళ్లు తిరిగే కురుమల గొంగడి సగం పరుచుకోవడానికి, సగం కప్పుకోవడానికి పనికొస్తుంది. చింతగింజల గంజి పట్టించిన ఆ ఉన్ని బరువుకి తొందరగా అణగదు. పైగా ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుని కూడా తడిగా తగలదు. రాత్రంతా ఊపిరి ఆవిరి చేరే చోట ఇది చిన్న గుణం కాదు, దూది బొంతకి ఇదే లేదు. పెద్దల అనుభవం నా వాదనకి సాక్ష్యమే తప్ప ఎదురు కాదు. బరువు మాటకొస్తే అభ్యంతరం కొంత నిజమే: మంచి గొంగడి వీపున వేసుకుని కొండెక్కడం అందరివల్లా కాదు. అయితే ఫోమ్ మ్యాట్ అరకిలోకి మించదు, అదనపు రగ్గు అంతకంటే ఎక్కువే తూగుతుంది. ఇక మ్యాట్ కొనే స్తోమతే లేదంటే మూడు రగ్గుల్లో రెండు కిందికి, ఒకటి పైకి వేసుకున్నా తేడా తెలుస్తుంది.

ఈ వాదనకి హద్దు కూడా ఉంది. ఏప్రిల్‌లో మైదానంలో టెంటు వేస్తే నేల వేడిని లాగేయడమే మేలు. అప్పుడు ఈతాకు చాప మీద నూలు దుప్పటి చాలు, మందపాటి మ్యాట్ ఉక్కపోతకి తోడవుతుంది. వెచ్చదనం కుదిరాక మెత్తదనం చూసుకోవాలి. వెల్లకిలా పడుకునేవాళ్లకి పల్చటి ఫోమ్ ఇబ్బంది పెట్టదు. పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి తుంటి, భుజం నేలకి తగులుతాయి. వాళ్లకి లోపల ఫోమ్ ఉన్న గాలి మ్యాట్ మేలు. దాన్ని బిగుతుగా ఊదితే మనిషి జారిపోతాడు. పడుకున్నాక తుంటి నేలకి తగిలీ తగలనంత వరకు గాలి వదలాలి. సాయంత్రం పాతిక డిగ్రీల్లో ఊదిన గాలి తెల్లవారుజామున ఎనిమిది డిగ్రీలకి చల్లబడితే ఆరు శాతం దాకా కుంచించుకుపోతుంది. మ్యాట్ మెత్తబడగానే చిల్లి పడిందని కంగారుపడి టార్చి వెతకొద్దు, రెండు ఊదులు ఊదితే సరిపోతుంది.