కనిపింపని నొప్పి: పేర్లలోని పొరపాటు

స్త్రీ బాహ్యజననేంద్రియమున నెలల తరబడి మంటయో, కత్తితో పొడిచినట్లు బాధయో కలుగుచుండును. పరీక్షింపగా పుండు లేదు, వాపు లేదు. అమెరికను స్త్రీవైద్యుడు అలెగ్జాండర్ స్కీన్ 1880ల చివరనే దీనిని వర్ణించినను, తరువాత పెక్కు దశాబ్దములు పాఠ్యగ్రంథములు దీనిని దాదాపు మరచినవి. నేడు దీని పేరు వల్వొడీనియా. స్పష్టమైన కారణము తెలియక కనీసము మూడు నెలలు నిలుచు నొప్పి అని 2015లో మూడు అంతర్జాతీయ సంస్థలు నిర్వచించినవి.

నిర్వచనము సరియైనదే. దానిని చదువు తీరే సరిగా లేదు. ‘కారణము తెలియలేదు’ అను మాట ‘కారణము లేదు’ అనియు, పిదప ‘అంతయు భ్రమ’ అనియు మారుచున్నది. కాని 1998లో స్వీడను పరిశోధకులు ఇట్టి స్త్రీల యోనిద్వారపు పొరలో సాధారణముకన్న హెచ్చుగా నాడీతంతువులను సూక్ష్మదర్శినితో చూచిరి. 2003లో వెలువడిన బోస్టను పరిశీలనలో, ప్రశ్నింపబడిన సుమారు 4,900 మందిలో 16 శాతము ఎప్పుడో ఒకప్పుడు ఈ నొప్పి ననుభవించినవారే. వారిలో దాదాపు 40 శాతము వైద్యుని దరిచేరలేదు. చేరినవారిలో 60 శాతము ముగ్గురినో, అంతకు మించియో వైద్యులను చూచిరి!

అమెరికను మనోవైద్య సంఘము 1994 నాటి వర్గీకరణలో సంభోగవేళ నొప్పిని లైంగిక లోపములలో చేర్చినది. గొంతునొప్పిచే అన్నము మ్రింగలేనివానికి ఆకలి లోపమని పేరు పెట్టుదుమా? పైగా ఈ నొప్పి కొందరికి కూర్చున్నను, సైకిలు తొక్కినను, బిగుతు బట్ట తగిలినను వచ్చును. 2013లో పేరు మారినది, అధ్యాయము మారలేదు.

ఇట్టి పేరువలన ఫలితము కారణముగా కనిపించును. నొప్పి భయమును, భయము యోనిచుట్టునుండు కండరముల బిగువును, బిగువు మరల నొప్పిని పెంచును. అప్పుడు కోరిక తగ్గుటలో వింత యేమి? భర్తకు దూరముగా జరుగు భార్య నొప్పినుండి జరుగుచున్నది. అతడు దానిని అయిష్టమనుకొనును, ఆమె తనయందే లోపమున్నదని కుంగిపోవును. దిగులు, ఆందోళన కొందరిలో నొప్పికి ముందే యుండుననుటయు నిజమే. అంతమాత్రాన నొప్పి కల్పితము కాదు.

2001లో కెనడాలో 78 మంది స్త్రీలకు శస్త్రచికిత్స, కండరముల శిక్షణ, ఆలోచనలను నడవడిని సరిదిద్దు మానసిక చికిత్స అను మూడింటిలో ఒక్కొక్కటి చేసి పోల్చిరి. మూడును నొప్పిని తగ్గించినవి. శస్త్రచికిత్స ముందంజలో నిలిచినది. రెండున్నరేండ్ల తరువాత సంభోగవేళ నొప్పినిగూర్చి ఆ స్త్రీలనే అడుగగా, మానసిక చికిత్స పొందినవారు శస్త్రచికిత్స పొందినవారితో సమానముగా నుండిరి.