వేయిపడగలు: 29 దినములు

విశ్వనాథ సత్యనారాయణగారు "వేయిపడగలు" నవలను 1934లో 29 దినములలో ముగించిరని మా కృష్ణాతీరమున నేటికిని అబ్బురముగఁ జెప్పుకొందురు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీకై వ్రాసిన గ్రంథమది. బహుమానము బాపిరాజుగారి "నారాయణరావు"తో పంచఁబడినది.

అయితే ఆ సంఖ్యను గొనియాడువారు, కలము పట్టినది తమ్ముఁడు వేంకటేశ్వర్లుగారని మఱచుచున్నారు. అన్న చెప్పుచుండఁగా ఆయన వ్రాసిరి. సుమారు వేయి పుటలు! ఆ భారమంతయు కర్త చేతిపైఁ బడియున్నచో 29 దినములు చాలియుండునా? నవలలో కథ చెప్పువాని కంఠము వినఁబడుటకును, నడుమ చర్చలు పిల్లదారులు పట్టుటకును ఇదియే హేతువని నా తలంపు. కొన్నాళ్లు విశ్రమించి మరలఁ జూచినచో ఆ చర్చలు కొన్ని తగ్గియుండెడివి. మా కొండపల్లి బొమ్మలవారు పొణికికఱ్ఱను వెచ్చఁజేసి తడి పోఁగొట్టినఁగాని చెక్కుటకుఁ బూనరు.

ఆవిష్కరణకుఁ దేదీ పెట్టుకొని, రాత్రులు మేల్కొని ప్రూఫులు దిద్ది, సభనాఁటికి మంచమెక్కు నవలాకారులు ఈ 29 దినములనే ప్రమాణముగఁ జూపుదురు. వారికిఁ దమ్ముఁడేఁడి? వంట ముగించి, పిల్లలను నిద్రపుచ్చి, పిమ్మటఁ గాగితము ముట్టు స్త్రీకి మఱి యెవరు? ఆహ్వానపత్రములు అచ్చగు వారమునందైన ఆ వంట ఇంటిలోని మగవారు పుచ్చుకొన్నచో, ఆమెకుఁ దెల్లవాఱుదాఁక నిద్ర దొరకును.